చారల మేపుల్ కర్ర, చెకుముకి రాయి: లాంగ్ రైఫిల్ చేతితో చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బేస్‌మెంట్ వడ్రంగి (ఒహాయో)

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఇంటి బేస్‌మెంట్‌లో పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ ఒకటి చేస్తున్నాను. 1770ల నాటి లాంకాస్టర్ పద్ధతి, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే రకం. గొట్టం, లాక్ (చెకుముకి రాయిని కొట్టి నిప్పురవ్వ తెప్పించే యంత్రం) కొన్నవే. మిగతాదంతా మేపుల్ పలకలోంచి నేనే తీస్తున్నాను. 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టాన్ని కర్రలోకి దించడానికే మూడు నెలలు పట్టింది. అది బాగానే కుదిరింది. ఆ ధీమాతోనే లాక్ గూడు తవ్వడం మొదలుపెట్టి మొన్న ఆదివారం చెడగొట్టుకున్నాను. లాక్ ప్లేటు (లాక్ భాగాలన్నీ బిగించే ఇనప రేకు) తోక దగ్గర గూడు పెద్దదైపోయింది. సందు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది.

మా ఆవిడ "అంత దగ్గరికొచ్చి ఎవరు చూస్తారండీ" అంటోంది. నేను చూస్తానుగా! పలకకే మూడు వందల డాలర్లు పోశాను. పారేసి కొత్తది కొనాలా, అతుకు వేస్తే నిలుస్తుందా? చేసినవాళ్లు చెప్పండి, రెండు రోజులుగా నిద్ర లేదు.

చెకుముకి (పెన్సిల్వేనియా)

పారేయకండి గురువుగారూ. ఆ మాటకొస్తే నా మొదటి రైఫిల్‌లో ఆ సందులో వేలు పట్టేది.

ముందు ఒకటి చెప్పండి. లాక్ ప్లేటు అంచులకి వాలు ఇచ్చారా? లోపలి వైపు ఒక పిసరు సన్నగా, బయటి వైపు వెడల్పుగా ఉండేలా ఆకురాయితో రుద్దాలి. అప్పుడు ప్లేటు సీసాకి బిరడాలా దిగుతుంది, దిగేకొద్దీ బిగుసుకుంటుంది. అంచు నిటారుగా వదిలేస్తే, ఎక్కించి దించిన ప్రతిసారీ గూడు అంచుని అదే కొరుక్కుంటూ పోతుంది. ఇరవై ముప్ఫైసార్లు పెట్టి తీస్తాం కదా, చివరికి మీకొచ్చిన సందే వస్తుంది.

రెండోది మసి. కొవ్వొత్తి మంట మీద ప్లేటు పట్టుకుని మసి పట్టించండి. గూడులో నొక్కి తీయండి. ఎక్కడ నల్లమచ్చ పడిందో అక్కడ మాత్రమే గీకండి. మచ్చ లేనిచోట ఉలి పెట్టకండి. ముందు లోపలి భాగాలన్నీ విప్పేసి ఉత్త ప్లేటు దించాలి. అది గొట్టం పక్కకి ఆనాక టంబ్లర్, బ్రిడిల్, సియర్, మెయిన్ స్ప్రింగ్ ఒక్కొక్కటీ బిగించుకుంటూ వాటికి కావలసినంతే తవ్వాలి. అన్నిటికీ కలిపి ఒకే పెద్ద గొయ్యి తీస్తే కర్ర అక్కడ గుల్లైపోతుంది.

గోదారోడు (నార్త్ కరొలైనా)

అన్నా, అతుకు నిలుస్తుంది. ఎలా వేస్తారన్నదే ముఖ్యం. అదే పలకలోంచి మిగిలిన ముక్క దాచారా? దాచకపోతే ఇకమీద ఒక్క ముక్క కూడా పొయ్యిలో వేయకండి. చారలు ఏ వాలున ఉన్నాయో చూసుకుని, అదే వాలున సన్నటి చీలిక తీసి, గూడు గోడకి అంటించి, ఆరాక మళ్లీ మసితో సరిచేయండి. జిగురు మాత్రం పైకి పొంగకూడదు. జిగురు పీల్చిన చోట రంగు ఎక్కదు, తెల్లగా ఉండిపోతుంది. అప్పుడు సందు కన్నా ఆ మచ్చే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మా నాన్న రాజమండ్రిలో వడ్రంగం చేసేవాడు. నేను సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాను, ఉలి పట్టింది నలభై దాటాకే. టేకు తెలిసినవాడికి ఈ చారల మేపుల్ నరకం. చార అంటే లోపల ఈనె (కర్ర పీచు) అలలా పైకీ కిందకీ పోతోందని అర్థం. చిత్రిక పడితే అల ఎక్కేచోట నున్నగా వస్తుంది, దిగేచోట పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. చిత్రిక పక్కన పెట్టి ఆకురాయి, గీకుడు బిళ్ల పట్టుకున్నాకే నాకు దారి దొరికింది. ఉలి ఎంత పదునుండాలంటే, మోచేతి వెంట్రుక గొరగాలి. మా నాన్న వీడియో కాల్‌లో నా పని పది నిమిషాలు చూసి ఒక్క మాటే అన్నాడు: "చెక్కినంతసేపు సాన పట్టరా, పని దానంతటదే అవుద్ది."

నా తప్పు కూడా చెప్పేస్తాను. పలక కొనేటప్పుడు చారల అందం చూశాను గానీ మణికట్టు దగ్గర ఈనె ఎటు పోతోందో చూడలేదు. రైఫిల్‌లో అన్నిటికన్నా సన్నం అదే, చేత్తో పట్టుకునే చోటు. అక్కడ ఈనె వెంట పోవాలి, అడ్డంగా పైకి తేలిపోకూడదు. నాది తేలింది. బట్ ప్లేటు (భుజానికి ఆనే చివర పెట్టే లోహపు రేకు) బిగించేటప్పుడు టప్‌మని విరిగింది. ఎనిమిది నెలల పని!

ఫ్రిస్కో సత్తి (టెక్సాస్)

రామాయణంలో పిడకల వేట అనుకోకండి. గొట్టం కొని, లాక్ కొని, ఇత్తడి సామాను పోతపోసింది కొని, "చేత్తో చేశాను" అంటే ఎలాగండీ? ఈ మధ్య కంప్యూటర్ యంత్రం చెక్కిచ్చిన కిట్లు కూడా వస్తున్నాయి, రెండు వారాల్లో అయిపోతుందట. దానికీ దీనికీ తేడా ఏంటి?

చెకుముకి (పెన్సిల్వేనియా)

సత్తిగారూ, మంచి ప్రశ్నే. కాకపోతే 18వ శతాబ్దంలో కూడా అంతే. చాలామంది తుపాకి పనివాళ్లు ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో వచ్చిన లాక్‌లు కొని వాడారు. గొట్టాలు విడిగా చేసేవాళ్లు ఉండేవారు, వాళ్ల దగ్గరా కొనేవారు. అన్నీ కలిపి, సన్నటి కర్ర చెక్కి, ఇత్తడి పొదిగి, దానికొక రూపం తేవడమే ఆ పనివాడి చేతివాటం. గొట్టంతో సహా అన్నీ ఒక్కడే చేయొచ్చని మన కాలంలో చూపించింది వర్జీనియాలో పాతకాలపు ఊరిని మ్యూజియంగా నిలిపిన కలోనియల్ విలియమ్స్‌బర్గ్ గన్‌షాప్‌లో వాలెస్ గస్లర్. ఇనప పట్టీ కాల్చి గొట్టంగా అతికించడం దగ్గర్నుంచి అన్నీ. అది మన శనివారాల పని కాదు.

అసలు ఈ రైఫిల్ పుట్టిందే వలస వచ్చినవాళ్ల చేతుల్లో. జర్మన్, స్విస్ పనివాళ్లు తమ ఊళ్లో చేసిన యేగర్ రైఫిల్‌ని వెంట తెచ్చుకున్నారు. అది పొట్టిగా, బరువుగా, పెద్ద గుండుతో ఉండేది. ఇక్కడి అడవుల్లో వారాల తరబడి తిరిగేవాడికి సీసం, తుపాకి మందు రెండూ మోతబరువే. అందుకని గుండు చిన్నదైంది, గొట్టం పొడుగైంది, వాల్‌నట్ పోయి మేపుల్ వచ్చింది. లాంకాస్టర్‌లో పేరు మోసిన జేకబ్ డికర్ట్ కూడా 1740లో జర్మనీలో పుట్టి చిన్నప్పుడే వచ్చినవాడు. "కెంటకీ రైఫిల్" అనే పేరు జనం నోట్లో నానింది 1815 న్యూ ఆర్లియన్స్ యుద్ధం మీద వచ్చిన పాట వల్ల. చేసింది మాత్రం ఎక్కువగా మా పెన్సిల్వేనియాలోనే (కెంటకీలో ఉన్న శారదక్క తిట్టుకోకూడదు).

కిట్టు తప్పని నేననను. మొదటిది కిట్టుతో చేస్తే, పూర్తయిన రైఫిల్ చేతిలో ఎలా తూగాలో తెలుస్తుంది. అది తెలియకుండా పలక పట్టుకుంటే నాలా పడవ తెడ్డు చేస్తారు.

విజయనగరం కుర్రాడు

అన్నలూ, నేను ఇండియాలోనే ఉంటాను. మా తాతయ్య దగ్గర పందుల కోసం నాటు తుపాకీ ఉండేదట, ముందు నుంచి మందు కూరేదే. మీరు చెప్పేది చదువుతుంటే అదే గుర్తొస్తోంది. ఇక్కడ కూడా సరదాకి ఒకటి చేసుకోవచ్చా?

గోదారోడు (నార్త్ కరొలైనా)

వద్దు తమ్ముడూ, ఆ ఆలోచనే పెట్టుకోకు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ చేయడం, ఉంచుకోవడం రెండూ నేరమే. నాటు తుపాకీ అని వదలరు. ఇక్కడ 1968 నాటి ఫెడరల్ చట్టంలో ఇలాంటి ముందు నుంచి కూరే పాతకాలపు రకాలకి మినహాయింపు ఉంది, అయినా రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. వీసా మీద ఉన్నవాళ్లు లాయర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. నీకు చెక్కడం మీదే ఇష్టమైతే గొట్టం, లాక్ లేకుండా కర్ర వరకు చెక్కు. సగం ఆనందం అక్కడే ఉంది.

శారద (కెంటకీ)

తిట్టుకోను తమ్ముడూ, డికర్ట్‌ని మీరే ఉంచుకోండి. నేను నాలుగు చేశాను, ఐదోది బల్ల మీద ఉంది. ఏటా ఆగస్టులో లెక్సింగ్టన్‌లో కాంటెంపరరీ లాంగ్ రైఫిల్ అసోసియేషన్ సభ జరుగుతుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు ఒక్కసారైనా వెళ్లండి. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన నా రైఫిల్ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "అమ్మా, దీనిలో ఇంకో రైఫిల్ దాగి ఉంది" అన్నాడు. నవ్వాను గానీ కారులో ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి తూస్తే పది పౌన్లకి పైనే ఉంది.

కొత్తవాళ్లందరం చేసే తప్పు ఇదే. కర్ర ఎక్కడ పలచబడి పగులుతుందోనని భయం. లాక్ చుట్టూ పలకలు మందంగా, ముందు భాగం దుంగలా వదిలేస్తాం. మ్యూజియంలో అసలువి చూడండి. గొట్టం పక్కన కర్ర కొన్నిచోట్ల మిల్లీమీటరున్నరకి మించి ఉండదు. గొట్టానికీ దాని కింద ర్యామ్‌రాడ్ (గుండుని లోపలికి తోసే కడ్డీ) కన్నానికీ మధ్య మిగలాల్సిన కర్ర ఎనిమిదో వంతు అంగుళం. అక్కడ ఎక్కువ వదిలితే కింద భాగమంతా లావెక్కుతుంది, తర్వాత ఎంత గీకినా లాభం లేదు. కాబట్టి ఒహాయో తమ్ముడూ, నీ సందు గురించి బెంగ వద్దు. రూపం రానీ. సందు అడుగు దూరంలోకి వస్తేనే కనిపిస్తుంది, లావు గది అవతలి నుంచి కనిపిస్తుంది.

ఇంకో సంగతి. లాక్ గూడు పూర్తిచేసే ముందే నిప్పు కన్నం (నిప్పు గొట్టంలోకి పోయే కన్నం) ఎక్కడ పడుతుందో చూసుకున్నావా? పాన్ (లాక్ మీద కాస్త మందు పోసే చిన్న గిన్నె) మధ్యలో, దాని పై అంచుకి సరిగ్గా, అస్తమిస్తున్న సూర్యుడిలా కనిపించాలి. అదే సమయంలో బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివరని మూసే బిరడా) ముఖానికి కాస్త ముందుండాలి. ఈ రెండూ కలవకపోతే అతుకు ఎంత బాగా వేసినా పనికిరాదు. బ్రీచ్ ప్లగ్ జోలికి మాత్రం వెళ్లకు, గొట్టం చేసినవాళ్లు బిగించింది బిగించినట్టే ఉంచు. మొదటిసారి పేల్చేది అనుభవం ఉన్నవాళ్ల ఎదుట, దూరం నుంచి తాడు కట్టి. నల్ల తుపాకి మందు (బ్లాక్ పౌడర్) తప్ప ఈ కాలపు పొగలేని మందు అందులో పోస్తే గొట్టం బాంబే.

రంగు గురించి ఎవరూ అడగలేదు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. ఇనుము కరిగించిన నత్రికామ్లం, పాతవాళ్లు ఆక్వా ఫోర్టిస్ అంటారు. కర్రకి పూస్తే మొదట పాచి పట్టినట్టు పచ్చగా, రోతగా ఉంటుంది. వేడిగాలి తగిలించగానే కళ్లముందే ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుంది, చారలు పులి వీపులా లేస్తాయి. పదిసార్లు చూసినా నాకు గుండె కొట్టుకుంటుంది. ఆరుబయట చేయాలి, చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక అవిసె నూనె పూతలు. మా అబ్బాయి గ్యారేజీలోకి తొంగిచూసి "అమ్మా, తిరగమోత మాడిందా" అని అడిగాడు.

చెక్కుడు పూలు మొదటి రైఫిల్‌కి పెట్టకు. చెంప ఆనే చోటు వెనక చిన్న తీగ ఒకటి చాలు. లాంకాస్టర్ వాళ్ల ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (కర్ర పక్కన ఉండే చిన్న మూత అర) మీద డైసీ పువ్వు చూడ్డానికి తేలికే. ఆ రేకులన్నీ కర్రలోకి దించేసరికి నాకు ఒక వేసవి గడిచింది.

మిషిగన్ మూర్తి

అక్క చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. గొట్టాన్ని కర్రకి పట్టి ఉంచే మేకుల కోసం గొట్టం కింద లగ్గులు (చిన్న ఇనప చెవులు) ఉంటాయి కదా, వాటి కన్నాలు గుండ్రంగా వదలకండి, పొడుగు గాడిలా సాగదీయండి. మా దగ్గర జనవరిలో హీటర్ వేస్తే కర్ర ఎండి ముడుచుకుంటుంది, జులైలో ఉబ్బుతుంది. ఇనుము కదలదు. నేను గుండ్రంగా వదిలాను, రెండో చలికాలానికి ముందు భాగం నిలువునా చీలింది.

ఫ్రిస్కో సత్తి (టెక్సాస్)

పిడకలు వెనక్కి తీసుకుంటున్నాను. మొదటిదానికి ఏ కిట్టు మంచిదో ఎవరైనా విడిగా మెసేజ్ పెట్టండి.

బేస్‌మెంట్ వడ్రంగి (ఒహాయో)

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించాలి. ప్లేటు అంచులకి వాలు అసలు ఇవ్వలేదు, చెకుముకిగారు పట్టేశారు. వాలు ఇచ్చి, గోదారోడుగారు చెప్పినట్టే చారల వాలు చూసుకుని చీలిక అంటించాను. మొదటి చీలిక తిరగేసి అంటించాను, తీసి మళ్లీ వేశాను. మసితో దించడానికి నాలుగు శనివారాలు పడుతుందనుకున్నా, రెండింట్లో అయింది. నిప్పు కన్నం గుర్తు పాన్ మధ్యలోనే పడుతోంది శారదక్కా, బ్రీచ్ ప్లగ్‌కి ముందే. బతికిపోయాను.

నిన్న రాత్రి తూకం వేశాను. రంగు వేయకముందే పది పౌన్ల పావు. ఆకురాయి మళ్లీ చేతిలోకి తీసుకున్నాను, కింద నేలంతా పొట్టే. మా ఆవిడ మెట్ల మీద నుంచే చూసి, "ఇంకా అవ్వలేదా" అని లైటు ఆపేసింది.