నాన్న పుస్తకాల కొట్టు నడపాలా, షట్టర్ అద్దెకిచ్చేయాలా? (విజయనగరం)

గంటస్తంభం అమ్మాయి:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర ఒక సందు మొగలో మా నాన్నగారి పుస్తకాల కొట్టు ఉంది. 10 అడుగుల వెడల్పు, 22 అడుగుల లోతు, రెండు పక్కలా పైకప్పు దాకా చెక్క అరలు. 1986లో పెట్టారు. మొన్న వేసవిలో ఆయనకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. ఇక నిచ్చెన ఎక్కొద్దన్నారు డాక్టరు. సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటామని ఒకరు అడ్వాన్సు పట్టుకుని రెండుసార్లు ఇంటికొచ్చారు. నెలకి 18 వేలు ఇస్తారట. "ఇచ్చేద్దాం, నాన్న కూడా ఇంటిపట్టున ఉంటారు" అని హైదరాబాద్ నుంచి అన్నయ్య. వాడి మాటలో తప్పు లేదు. నేను ఇక్కడే ఒక స్కూల్లో తెలుగు చెప్తాను, సాయంత్రాలు కొట్లో కూర్చుంటున్నాను. నాన్నగారు "నీ ఇష్టం అమ్మా" అంటారు. అని, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేస్తారు.

లెక్కలు దాచను. జూన్, జూలైలలో నోట్ పుస్తకాలు, గైడ్లు, పాత పాఠ్యపుస్తకాలు. ఏడాది బేరంలో సగానికి పైగా ఆ రెండు నెలలదే. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడినప్పుడు మాకు ఊపిరాడలేదు. ఉగాదికి పంచాంగాలు పోతాయి. పైడితల్లమ్మ సిరిమానుకి పల్లెల నుంచి జనం దిగితే అమ్మవారి పటాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు. సంగీత కళాశాల పిల్లలకి గీతాలు, వర్ణాల పుస్తకాలు. 1919 నుంచీ ఆ కళాశాల ఉంది, ఆ బేరం మాత్రం తప్పదంటారు నాన్నగారు. గురజాడ వారి ఇల్లు చూసొచ్చినవాళ్ళు 'కన్యాశుల్కం' అడుగుతారు. "మొదటిదా అమ్మా, రెండోదా?" అని ఈయన అడిగితే వాళ్ళు తెల్లబోతారు. అప్పుడు స్టూలు లాగి కూర్చోబెట్టి, 1897లో అచ్చయినది వేరు, 1909లో ఆయన తిరగరాసి పెంచినది వేరు, ఇప్పుడు అందరూ చదివేది రెండోదే అని మొదలుపెడతారు. అరగంట పోతుంది. పుస్తకం మీద మిగిలేది 40 రూపాయలు. కథలు, నవలలు, కవిత్వం ఉన్న ఎడమపక్క అరలన్నీ కలిపి నెలకి 3 వేలు మిగిలితే గొప్ప.

అయినా మూసేయడానికి చెయ్యి రావట్లేదు. ఒక ఖాతా పుస్తకం ఉంది. అప్పుల ఖాతా కాదు. ఎవరైనా అడిగిన పుస్తకం మా దగ్గర లేకపోతే నాన్నగారు తేదీ వేసి రాసుకుంటారు. దొరికి, ఇచ్చాక ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఏటా జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి ఆ ఖాతా సంచిలో పెట్టుకుని వెళ్ళి, రెండు బస్తాలతో రైలు దిగేవారు. అందులో మనుషుల పేర్లుండవు. "నెల్లిమర్ల జూట్‌మిల్లు, పొడుగాయన". "దాసన్నపేట టైలరు". "కలెక్టరాఫీసు అమ్మగారు, కళ్ళజోడు". మొన్న కూర్చుని లెక్కపెట్టాను, ఎర్రగీత పడనివి 61. అన్నిటికంటే పాతది 2009 నాటిది: "సీతంపేట మాస్టారు, గిడుగు వారి సవర నిఘంటువు. సవర పిల్లలకి చెప్పడానికట." సవరలంటే అటువైపు ఏజెన్సీ గిరిజనులు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. కొట్టు వెనక సగానికి రేకులే. రెండు రేకులు లేచిపోయాయి. మర్నాడు తలుపు తీస్తే కిందున్న మూడు వరసలూ నానిపోయి ఉబ్బి, అరల్లోంచి బయటికి రావడం లేదు. నాన్నగారు గుమ్మంలోనే కూలబడిపోయారు. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎవరికీ కబురు పెట్టలేదు. మధ్యాహ్నానికి జూట్‌మిల్లు పొడుగాయన సైకిల్ మీద పొడి గోనెపట్టాలు తెచ్చాడు. "ముందు బయటికి తీసీండి బాబూ, తర్వాత ఏడుద్దురుగాని" అన్నాడు. సంగీత కళాశాల అమ్మాయిలు ఐదుగురు మా డాబా మీద కూర్చుని, పేజీల మధ్య పాత న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి, రెండు గంటలకోసారి మార్చారు. దండేల మీద చీరలకి బదులు పుస్తకాలు. నున్న కాగితం మీద అచ్చువేసినవి అతుక్కుపోయి ఇటకల్లా అయ్యాయి, అవి పారేశాం. మిగిలినవి ఎండాయి, అలలు తిరిగిపోయాయి. సగం ధర రాసి ఒక అరలో పెట్టారు నాన్నగారు. "తుఫాను పుస్తకాలు ఉన్నాయా?" అని అడిగి కొనుక్కునేవాళ్ళు. ఇంకా పదకొండు మిగిలాయి.

ఇప్పుడు నా ప్రశ్న. మీ ఊళ్ళో ఇలాంటి కొట్టుకి ఎందుకు వెళ్ళేవారు? ఎందుకు మానేశారు? రెండోదానికి నిజమైన జవాబు కావాలి. నడిపినవాళ్ళెవరైనా ఉంటే, ఏం ఉంచాలో ఏం తీసేయాలో చెప్పండి.

నాగావళి ఒడ్డు:

అమ్మా, శ్రీకాకుళంలో ఒక పుస్తకాల షాపులో 22 ఏళ్ళు పనిచేశాను. ఏడు రోడ్ల కూడలికి దగ్గర. మా ఓనరుగారు పోయాక మూతపడింది, ఇప్పుడక్కడ చెప్పులు అమ్ముతున్నారు. ఆ వీధిలోంచి వెళ్ళాల్సొస్తే నేను చుట్టు తిరిగి వెళ్తాను.

మాకు దెబ్బ కొట్టింది కొనేవాళ్ళు తగ్గడం ఒక్కటే కాదు. అమ్ముడుపోని సరుకు. ఎక్కువ కమీషన్ వస్తుందని ఆశపడి, తిరిగి పంపే వీలులేని పుస్తకాలు కట్టలు కట్టలు దింపేశాం. డబ్బంతా అరల్లో ఇరుక్కుపోయింది. నువ్వు ఆ పని చెయ్యకు. పాతిక శాతమే ఇచ్చినా, మిగిలినవి మూడు నెలలకి వెనక్కి తీసుకుంటానన్న పబ్లిషరే మనకి మేలు. ఒక్కో పుస్తకం రెండు కాపీలు పెట్టు, పోతే ఫోన్ చేసి మళ్ళీ తెప్పించుకో. నోట్ పుస్తకాలు వదలకు. అచ్చు పుస్తకాలకి ఎలాగూ జీఎస్టీ లేదు, 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్ పుస్తకాలకీ పెన్సిళ్ళకీ కూడా తీసేశారు. ఎడమపక్క అరలకి అన్నం పెట్టేది కుడిపక్క అరలే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పోస్టు సంగతి. తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు. నాలాంటివాళ్ళకి అది చావుకబురే. కానీ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు. చదువు, సంస్కృతి, భక్తి పుస్తకాలకి. వారపత్రికలూ అలాంటివీ కుదరవు. పుస్తకం మీద ప్రింటరు పేరో పబ్లిషరు పేరో ఉండాలి. నవలలు పంపేముందు మీ పోస్టాఫీసులో ఒకసారి అడుగు. నీ ఖాతాలో ఉన్నవాళ్ళలో సగం మంది ఊళ్ళు మారిపోయుంటారు, వాళ్ళకి ఇది పనికొస్తుంది.

గిడుగు వారి సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 నాటిది. అచ్చు ప్రతి దొరకడం కష్టమే. స్కాన్ ప్రతి ఎక్కడైనా దొరికితే మాత్రం ప్రింటు తీయించి, గట్టి అట్ట వేసి బైండింగ్ చేయించు. ఆయన 1940లోనే పోయారు, హక్కుల పేచీ రాదు. ఆ మాస్టారు ఇంకా సీతంపేటలోనే ఉన్నారేమో కనుక్కో. ఆయన అడిగింది మామూలు పుస్తకం కాదమ్మా. మన జిల్లాలో పుట్టిన మనిషి సవరల భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన పని అది.

పాత వారపత్రికలు ఉంటే కాటాకి వెయ్యకు. మా ఓనరుగారు పోయాక మిగిలిన కట్టలన్నీ ఆటోలో కథానిలయానికి చేర్చాను. కథకుడు కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా మాస్టారు, తనకొచ్చిన అవార్డు డబ్బుతో 1997లో పెట్టినది. ఒక్కో సంచిక తిరగేసి, అందులో కథ ఉందా లేదా చూసి పెట్టుకునే చోటు. మాది ఖాళీ అయిపోయినా, ఆ కాగితాలు ఇంకా ఎవరో చదువుతున్నారని తెలుసు.

బొబ్బిలి టు బెంగళూరు:

మీ నాన్నగారి కొట్టు నాకు తెలుసనుకుంటాను. నిచ్చెన పక్కన నీలం స్టూలు ఉండేదే, అదేనా?

ఇంటర్ విజయనగరంలో చదివాను. అంతకుముందు ఇంకో ఊళ్ళో ఒక షాపులో పుస్తకం తెరిస్తే "కొంటావా, ఊరికే నలుపుతావా?" అని చేతిలోంచి లాక్కున్నారు. పదిహేనేళ్ళవాణ్ణి, మళ్ళీ ఏ షాపు మెట్లూ ఎక్కకూడదనుకున్నాను. మీ కొట్లో మొదటిసారి భయపడుతూనే ఒక కథల పుస్తకం తీశాను. మీ నాన్నగారు చూశారు. ఏమీ అనకుండా నా నెత్తిమీద లైటు వేశారు. అంతే. రెండేళ్ళలో చాసో (చాగంటి సోమయాజులు) కథలు సగం ఆ లైటు కిందే నిలబడి చదివాను. మొదటి జీతం వచ్చాక వచ్చి కొనుక్కున్నాను.

ఎందుకు మానేశానంటే, నిజం చెప్తున్నాను. ఊరికి వచ్చేది రెండు రోజులు. శనివారం రైలు దిగి, బొబ్బిలి వెళ్ళి, ఆదివారం మీ సందుకి వస్తే షట్టర్ దించేసి ఉండేది. మూడుసార్లు అలాగే అయింది. తర్వాత ఫోన్లో ఆర్డరిచ్చేశాను. పుస్తకం వస్తుంది, కానీ నేను అడగనిది ఏదీ రాదు. చాసోని నేను అడగలేదు, ఆ అరలో ఉంటే చేతికొచ్చారు.

ఆదివారం తెరవండి. సోమవారం మూసుకోండి.

లెక్కల మనిషి:

నేను వ్యాపారస్తుణ్ణి, చెప్పాల్సింది చెప్పాలి. నెలకి 18 వేలంటే ఏడాదికి 2,16,000. దాన్ని నెలకి 3 వేలు మిగిల్చే అరల కోసం వదులుకోవడం మీ ఇంట్లో అందరికీ సమ్మతమేనా అన్నది ముందు తేల్చుకోండి. ముఖ్యంగా అన్నయ్యగారికి. తర్వాత గొడవలు పడితే కొట్టూ ఉండదు, మాటలూ ఉండవు. మధ్యే మార్గం కావాలంటే రేకుల కింద ఉన్న వెనక సగం గోడౌన్‌కి అద్దెకివ్వండి. ముందు భాగం మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. రోడ్డు మీంచి పుస్తకం కనబడకపోతే ఇక ఎవరూ లోపలికి రారు.

గంటస్తంభం అమ్మాయి:

అందరికీ దణ్ణాలు. నీలం స్టూలు ఇంకా ఉంది బాబూ, ఒక కాలు మార్పించాం. మీ మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. లైటు సంగతి ఆయనకి గుర్తులేదు. "ఎవరొచ్చినా వేస్తాను కదా" అన్నారు.

అన్నయ్యతో రెండు గంటలు మాట్లాడాను. వచ్చే జూన్ దాటేదాకా చూద్దామన్నాడు. వెనక సగం పక్కనున్న బట్టల కొట్టాయనకి సరుకు పెట్టుకోడానికి ఇస్తున్నాం, 5 వేలు. పై రెండు వరసల అరలు ఖాళీ చేసి, నాన్నగారు కూర్చునే చేతికందేలా సర్దుతున్నాను. పోని నవలలు తొంభై దాకా తేలాయి. పబ్లిషర్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను, ఒకాయన మార్చి ఇస్తానన్నారు. ఆదివారం నుంచి పొద్దున్న పదింటికి తెరుస్తాం.

ఖాతాలో ఉన్న 61లో ఇప్పటికి 9 మందిని పట్టుకున్నాను. దాసన్నపేట టైలరు గారు పోయారట, మెషీను మీద వాళ్ళబ్బాయి ఉన్నాడు. ఆయన అడిగిన పుస్తకం మా దగ్గర తుఫాను అరలోనే ఉంది, ఎవరూ చూడలేదు. ఇచ్చి వచ్చాను. డబ్బు తీసుకోనంటే ఆ అబ్బాయి ఒప్పుకోలేదు, 35 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. నాన్నగారు ఎర్ర సిరాతో కొట్టేశారు.

సీతంపేట మాస్టారు దొరకలేదు. 2009లో ఆ ఏజెన్సీ బళ్ళలో పనిచేసి, సైకిల్ మీద పాలకొండ దాకా వచ్చి బస్సెక్కేవారట, నాన్నగారికి గుర్తున్నది అంతే. అటువైపు బళ్ళలో చేసినవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే, ఆయనకి ఒక్క మాట చేరవేయండి. స్కాన్ ప్రతి వెతుకుతున్నాను, దొరగ్గానే బైండింగ్‌కి ఇస్తాను.