బ్యాండ్ వాళ్లని పోజులు లేకుండా తీయడం: రిహార్సల్, స్టేజి, బీచ్ షికారు

కోటగుమ్మం:
విజయనగరంలో ఒక రాక్ బ్యాండుకి ఫొటోలు తీయాలి. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, పాడే అమ్మాయి. రిహార్సల్ గది పది బై పన్నెండు, పైన రెండు ట్యూబులైట్లు, గోడకి రంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్. ఆనంద గజపతి ఆడిటోరియంలో షో, మర్నాడు చింతపల్లి బీచ్. బీటిల్స్ (1960ల ఇంగ్లీషు రాక్ బ్యాండ్) ఫొటోల్లా రావాలట: హోటల్ గదిలో దిండ్లతో కొట్టుకుంటారు చూడండి, అలా. నా దగ్గర ఏపీఎస్‌సీ (చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 కిట్ జూమ్ లెన్సు, 50 ఎఫ్ 1.8 లెన్సు ఉన్నాయి. సైలెంట్ షటర్ పెడితే అడ్డంగా చారలొస్తున్నాయి. మామూలు షటర్ పెడితే టక్కుమనగానే అందరూ బిగుసుకుపోతున్నారు. పాడే అమ్మాయి మొహానికి ఎప్పుడూ మైకే అడ్డం. ఫ్లాష్ వాడమంటారా?

ఒకటి బై వంద:
ఫ్లాష్ వద్దండి. అంత చిన్న గదిలో ఒక్కసారి వెలిగితే చాలు, ఆ పూట ఇంకెవరూ మామూలుగా ఉండరు.

చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోకుతో నడిచే ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మందగించి వెలుగుతుంది. సైలెంట్ షటర్‌లో సెన్సర్ పైనుంచి కిందికి వరసవరసగా చదువుకుంటూ వస్తుంది కాబట్టి ఒక వరసకి వెలుగు, ఒక వరసకి మసక పడుతుంది. షటర్ 1/100 లేదా 1/50 సెకను పెట్టండి, ప్రతి వరసకీ వెలుగు మొత్తం అందుతుంది. కానీ ఈ మందు ఎల్‌ఈడీ స్ట్రిప్ మీద పనిచేయదు. వెలుగు తగ్గించినప్పుడు అది సెకనుకి వందలు, వేలసార్లు ఆరి వెలుగుతుంది. ఫుల్లుగా పెట్టించండి, లేదా ఆపించేయండి. ఆపించడమే మేలు, నీలం గులాబీ కలిసి పడిన మొహాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

అసలు పగటిపూట రిహార్సల్ పెట్టించగలిగితే ట్యూబులైట్లు కూడా ఆర్పేయండి. నెత్తిమీద లైటుంటే కళ్లు గుంటల్లా వస్తాయి. ఒక పక్క కిటికీ మాత్రం తెరిచి, ఎదురుగోడకి ముదురు రంగు దుప్పటి కట్టండి. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రీమన్ 1963లో బోర్న్‌మౌత్ హోటల్లో బీటిల్స్ నలుగురి మొహాలూ సగం వెలుగు, సగం చీకటిగా తీసింది ఇలాగే. పక్కనుంచి కిటికీ వెలుగు, వెనక ముదురు కర్టెన్లు, అంతే సరంజామా.

మీ 50 లెన్సు ఏపీఎస్‌సీ మీద 75లా ఇరుకుగా చూస్తుంది, ఆ గదిలో మొహం, చెయ్యి తప్ప పట్టదు. అందరూ కలిసి రావాలంటే కిట్ లెన్సునే 18-24 దగ్గర పెట్టి, ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులో తీయడానికి పెంచే అంకె) 3200, 6400 దాకా వెళ్లిపోండి. గ్రెయిన్‌కి, అంటే ఇసకలాంటి చుక్కలకి భయపడొద్దు, మొహం కదిలిపోతేనే ఫొటో పోయినట్టు. గిటారిస్టు చేతులకి 1/250 కావాలి. ట్యూబుల కింద 1/250 అంటే మెకానికల్ (మామూలు) షటర్‌తోనే తీయండి. అప్పుడు చారలు తగ్గినా ఒక ఫ్రేము వెలుగుగా, ఒకటి డల్లుగా వస్తుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (లైటు నిండుగా వెలిగినప్పుడే తీసే ఏర్పాటు) ఉంటే ఆన్ చేయండి.

నాగావళి:
టక్కుమనే చప్పుడు వల్ల బిగుసుకుపోవడం లేదు మాస్టారూ. కెమెరా కంటికి ఆనించుకుని ఎదురుగా నిలబడటం వల్ల. మడత స్క్రీన్ ఉంటే కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని కిందికి చూస్తూ తీయండి. ఆ రోజుల్లో రోలీఫ్లెక్స్ కెమెరా వాడినవాళ్లకి ఈ వసతి పుట్టుకతోనే ఉండేది, పై అద్దంలోకి తల వంచి చూసేవారు. ఫోకస్ సాయానికి వెలిగే ఎర్రలైటు, బీప్, తీయగానే స్క్రీన్ మీద ఫొటో కనపడటం, మూడూ ఆపేయండి. తీసింది చూపించడం మొదలెట్టారా, ఇక ప్రతివాడూ జుట్టు సర్దుకుంటాడు.

ఇంకో మాట. మీరు చెప్పిన దిండ్ల ఫొటో అనుకోకుండా దొరికింది కాదు. 1964 జనవరి, ప్యారిస్‌లో జార్జ్ ఫైవ్ హోటల్. అంతకుముందు ఓ రాత్రి దిండ్లతో కొట్టుకున్నామని బీటిల్స్ మాట్లాడుకోవడం ఫొటోగ్రాఫర్ హ్యారీ బెన్సన్ విన్నాడు. అమెరికాలో తమ పాట మొదటి స్థానానికి చేరిందన్న కబురు వచ్చిన రాత్రి, మళ్లీ కొట్టుకోండి అని ఆయనే అడిగాడు. వాళ్లలో లెనన్ ముందు వద్దన్నాడు, తర్వాత వెనకనుంచి వచ్చి మెకార్ట్నీ నెత్తిన ఒక్కటి వేశాడు. అంటే ఏటంటే, పోజు అడగకూడదు గానీ పని అడగొచ్చు. 'ఇటు చూసి నవ్వండి' అంటే చెడుతుంది. 'ఆ రెండో పాట మొదలు ఎక్కడ తప్పుతోందో మళ్లీ వాయించండి' అంటే అయిదుగురూ మిమ్మల్ని మర్చిపోతారు. టీ తెప్పించండి, గ్లాసులు అందుకునేటప్పుడు తీయండి.

మరో దారి, బ్యాండులోనే ఒకరికి కెమెరా ఇచ్చేయడం. మెకార్ట్నీ 1963 చివర్నుంచి 1964 ఫిబ్రవరి దాకా తన పెంటాక్స్ కెమెరాతో తీసినవి 2023లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో పెట్టారు. న్యూయార్క్ వీధిలో కారు వెంట పరుగెత్తే జనం కారు లోపలినుంచి కనిపిస్తారు. ఆ చోటు బయటి ఫొటోగ్రాఫర్‌కి దొరకదు. మీ డ్రమ్మర్ చేతికి 50 లెన్సుతో కెమెరా ఇవ్వండి, మిగతావాళ్లు అతన్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

సౌండ్‌చెక్:
స్టేజికి వస్తా. మైకు కుడిచేత్తో పట్టుకునే అమ్మాయైతే మీరు ఆమె ఎడమ పక్కకి, ముప్పై నలభై డిగ్రీలు వారగా నిలబడాలి. స్టేజి ముందు కిందనుంచి తీస్తే మైకూ, ముక్కుపుటాలే. చరణం చివర ఊపిరి తీసుకునేటప్పుడు, పై స్థాయికి వెళ్లినప్పుడు మైకు కాస్త దూరం జరుగుతుంది, నొక్కాల్సింది అప్పుడు. పాటలు ముందే నాలుగుసార్లు వినుంటే ఆ చోట్లు మీకే తెలుస్తాయి.

డ్రమ్మర్ మొహాన్ని సింబళ్లు (పెద్ద ఇత్తడి పళ్లేలు) మింగేస్తాయి. హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబళ్లు) పక్కనుంచి, కొంచెం వెనక్కి వెళ్లి తీయండి. 1/60 పెడితే పుల్లలు సాగినట్టు వచ్చి మొహం నిలుస్తుంది, పది తీస్తే రెండు దక్కుతాయి. స్టేజి మీది నీలం ఎల్‌ఈడీ పార్ లైట్లు కెమెరా వెలుగు కొలిచే మీటర్‌ని మోసం చేస్తాయి. మొత్తం హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టుంటుంది, నీలం ఛానెల్ ఒక్కటీ పగిలిపోయి చర్మం ప్లాస్టిక్‌లా వస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఒక స్టాప్ (వెలుగు సగానికి) తగ్గించి రా ఫైల్లో (కెమెరా సరిదిద్దని అసలు ఫైలు) తీయండి. పోయిన నీలం నలుపు తెలుపు చేసినా తిరిగి రాదు.

షో కంటే సాయంత్రం సౌండ్‌చెక్‌కే (షోకి ముందు మైకులు, వాయిద్యాలు సరిచూసుకోవడం) ఎక్కువ టైము పెట్టండి. లైట్లు మారవు, స్టేజి ఎక్కనిస్తారు. నేల మీద టేపుతో అంటించిన పాటల చీటీ, డ్రమ్ముల కింద పరిచిన తివాచీ, గంట వాయించాక గిటారిస్టు ఎడమచేతి వేళ్ల కొసల మీద తీగలు దిగిన గీతలు... ఇవి 50తో దగ్గరగా వెళ్తే వస్తాయి.

కోటగుమ్మం:
గొప్ప సాయం అండీ. ఒక్క రోలు ఫిల్ము కూడా వాడదామనుంది, ఇంట్లోనే కడిగితే?

డార్క్‌రూం మాస్టారు:
ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 నలుపు తెలుపు ఫిల్ము తీసుకుని మీటర్ ఐఎస్‌ఓ 1600కి పెట్టండి, రోలు మొత్తం అదే. ఐడీ-11 డెవలపర్ (బొమ్మ తేల్చే మందు) స్టాకు ఇంకా నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర 14 నిమిషాలు. మన ఊళ్లో కుళాయి నీళ్లు వేసవిలో 30 దాటుతాయి. ఐసు వేసిన తొట్టిలో డెవలపర్, ఫిక్సర్ (బొమ్మని నిలిపే మందు), కడిగే నీళ్లు అన్నీ ఒకే చల్లదనానికి తెచ్చుకోవాలి. డెవలపర్ ఒక్కటే చల్లబెట్టి వేడినీళ్లతో కడిగితే గ్రెయిన్ రేగుతుంది. 20కి దింపలేకపోతే 24 దగ్గర సుమారు 10 నిమిషాలు సరిపోతుంది, అంతకన్నా వేడి వద్దు. 1600లో నీడలు ఎలాగూ నల్లగా పోతాయి, మొహం మీద లైటున్నప్పుడే నొక్కండి. 36 ఫ్రేములే కదా, సౌండ్‌చెక్‌కి దాచుకోండి.

బీచ్‌కి ఫిల్ము అక్కర్లేదు. పొద్దున్న ఎండ సముద్రంవైపునుంచి వస్తుంది. అప్పుడు సముద్రం వెనకుండేలా నిలబెడితే మొహాలు నల్లబడతాయి, వాళ్లు నీళ్లవైపు చూస్తుంటే పక్కనుంచి తీయండి. సాయంత్రం ఎండ ఊరివైపునుంచి కాబట్టి సముద్రాన్ని వెనక పెట్టుకోవచ్చు. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచీ జిప్పు తీయకుండా ఇరవై, ముప్పై నిమిషాలు బయట ఉంచండి. ఆవిరి పట్టిన అద్దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే ఉప్పు గీతలు పడతాయి. లెన్సు బీచ్‌లో మార్చొద్దు, 18-55తోనే కానిచ్చేయండి. ఇంటికొచ్చాక ఒక గుడ్డని మంచినీళ్లలో తడిపి, గట్టిగా పిండి, దాంతో కెమెరా బాడీని తుడిచి, సిలికా జెల్ డబ్బాలో పెట్టండి.