నగోయాకి కొత్త: బొమ్మల రథాల జాతర ఎక్కడ చూడాలి?

నగోయా నుంచి:
నమస్తే అండి. ఉద్యోగం మీద ఈ జనవరిలో ఇక్కడికి వచ్చాం. నేను, మా ఆవిడ, మూడేళ్ల పాప. ఏప్రిల్‌లో రథాల జాతర తప్పకుండా చూడమని, రథం పైన బొమ్మలు ఆడతాయని ఆఫీసులో చెబుతున్నారు. ఒకరు తకయామా అంటే ఇంకొకరు ఇనుయామా అంటారు. రెండూ చూసే వీలు లేదు. భాష ఇంకా రాదు, జనంలో పాపతో అంటే కాస్త టెన్షన్‌గా ఉంది. ఎక్కడికి వెళ్లమంటారు?

కారియా నుంచి:
తమ్ముడూ, మారు ఆలోచించకుండా ఇనుయామా వెళ్లు. నగోయా స్టేషన్‌లో మెయితెత్సు రైలెక్కితే అరగంట. ఏప్రిల్ మొదటి శని, ఆదివారాల్లో జరుగుతుంది కాబట్టి సెలవు గొడవ లేదు. అక్కడ 13 రథాలుంటే 13 మీదా బొమ్మలాట ఉంది. తకయామా వసంత జాతరలో రథాలు 12, బొమ్మలు ఆడేవి 3. నువ్వు వెళ్లేది బొమ్మల కోసమే కదా!

ఇది హరిత్సునా గుడి జాతర, 1635లో మొదలైంది. గుడి కోట కిందే ఉంటుంది. ఆ కోట 2004 దాకా నరుసే అనే పాత ప్రభువుల కుటుంబం సొంత ఆస్తి అంటే నమ్ముతావా? రథం ఒక్కోటీ ఒక్కో వీధివాళ్లది. మూడు అంతస్తులు. కింద పిల్లలు డోలు కొడతారు, మధ్య అంతస్తులో బొమ్మలాడించేవాళ్లు దాక్కుంటారు, బొమ్మలు పైన. పగలు గుడి ముందు వరసగా ఒక్కో రథం తన ఆట దేవుడికి సమర్పిస్తుంది. ఉరషిమా అనే కథలో కుర్రాడు పెట్టె మూత తీయగానే ముసలివాడైపోతాడు, అది ఆడేటప్పుడు పాపని ఎత్తుకుని చూపించు.

చీకటి పడకుండా మాత్రం వెనక్కి రావద్దు. ఒక్కో రథానికి 365 లాంతర్లు కట్టి, లోపల నిజం కొవ్వొత్తులు వెలిగించి కోట వీధుల్లో తిప్పుతారు. మలుపు దగ్గర మగవాళ్లంతా కలిసి రథాన్ని ఒక పక్క ఎత్తి గిర్రున తిప్పేస్తారు. దాన్ని 'దొండెన్' అంటారు. మన ఊళ్లో తేరు మలుపు తిరగాలంటే చక్రాల కింద చెక్కలు పెట్టి ఎంత నెమ్మదిగా జరుపుతారో గుర్తుంది కదా, ఇక్కడ ఆ ఓపిక లేదు!

గిఫు నుంచి:
అన్నయ్యగారూ, తకయామాని అంత తేలిగ్గా తీసేయకండి. ఆ రథాల మీద చెక్కుడు పని, లక్క, బంగారం చూస్తే హిదా (తకయామా ఉండే ప్రాంతం) వడ్రంగులకి అంత పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. బొమ్మలు తక్కువే, కానీ అక్టోబరు జాతరలో హోతెయి రథం ఒక్కటి చాలు. ఇద్దరు పిల్లల బొమ్మలు ఉయ్యాల కర్ర నుంచి ఉయ్యాల కర్రకి దూకుతూ వెళ్లి హోతెయి దేవుడి భుజాలెక్కుతారు. వసంతంలో ర్యూజిన్ రథం మీద కుండలోంచి నాగదేవుడు బయటికొచ్చి ఊగిపోతాడు.

అయితే తమ్ముడూ, తకయామాలో తేదీలు మారవు. ఏప్రిల్ 14, 15. అక్టోబరు 9, 10. ఏ వారమైనా సరే అవే. నగోయా నుంచి హిదా ఎక్స్‌ప్రెస్‌లో రెండున్నర గంటలు. జాతర రోజుల్లో హోటల్ గది చివరి నిమిషంలో దొరకదు. వాన పడితే రథాలు కొట్టం దాటి రావు. అందుకే పాపతో మొదటిసారి అంటే నేనూ ఇనుయామాకే ఓటేస్తాను, మనసొప్పకపోయినా.

ఒసాకా నుంచి:
బొమ్మల సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెబుతాను. వీటిని కరకురి అంటారు. రథం మీది బొమ్మల్లో మోటారు ఉండదు. కింద కూర్చున్నవాళ్లు దారాలు లాగితే తల, చెయ్యి, నడుము విడివిడిగా కదులుతాయి. ఒక్క బొమ్మకి చాలామంది కావాలి, ఒకరు ఆలస్యంగా లాగితే ఆట చెడుతుంది.

1662లో మా ఒసాకాలోనే దోతొన్‌బోరిలో తకెదా ఓమి కరకురి నాటకశాల పెట్టాడు, జనం విరగబడి చూశారు. ఆ మోజు రథాలకీ ఎక్కింది. నగోయా చుట్టుపక్కల ఇన్ని ఎందుకున్నాయంటే, 1730ల్లో అక్కడి ప్రభువు తొకుగావా మునెహరు. ఎదోలో (ఇప్పటి టోక్యో) దేశాన్నేలే షోగన్ పొదుపు పొదుపు అంటుంటే ఈయన జాతరలకీ నాటకాలకీ తలుపులు బార్లా తెరిచాడు. పనివాళ్లు అటు చేరారు. కిసో కొండల కలప నదిలో తేలుతూ వచ్చేది. అప్పటి తమాయా షోబెయి వంశం ఇప్పుడు తొమ్మిదో తరంలోనూ బొమ్మలు చేస్తోంది. తోషిబాకి మూలపురుషుడైన తనకా హిసాషిగె కూడా మొదట కరకురి బొమ్మల మనిషే. 2016లో యునెస్కో ఇలాంటి 33 రథోత్సవాలని కలిపి గుర్తించింది, తకయామా, ఇనుయామా రెండూ అందులో ఉన్నాయి.

నగోయా నుంచి:
అందరికీ థ్యాంక్స్ అండి. ఇనుయామాయే ఖాయం. స్ట్రోలర్ తీసుకెళ్లొచ్చా? తిండి సంగతి? మేం శాకాహారులం.

కారియా నుంచి:
స్ట్రోలర్ వద్దు. వీధులు ఇరుకు, తోసుకుంటూ నడవాలి. దొండెన్ చేసేచోట తాడు లోపలికి అసలు వెళ్లకు, తిరిగే రథం నీకోసం ఆగదు. తిండికి టోఫు దెంగాకు దొరుకుతుంది, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన టోఫు. పైన పూసే మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద) చేపల రసం కలిసి ఉండొచ్చు, అడిగి తీసుకోండి. లేదంటే ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి, అదే మేలు. వాన పడితే కోట వీధిలోని దొండెన్‌కాన్ అనే ప్రదర్శనశాలలో రథాలు కొన్ని నిలబెట్టి ఉంచుతారు, అక్కడ చూడొచ్చు. రాత్రి తిరుగు రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, టికెట్ డబ్బులు పొద్దున్నే కార్డులో వేసి పెట్టుకో. శనివారం వెళ్లేటట్టయితే ఇక్కడ రాయి, మేమూ ఆ రోజే వస్తాం.