అక్విడక్ట్‌ని పిల్లలకి తెలుగులో ఏమని చెప్పాలి?

పదేళ్ల పిల్లల కోసం రోమన్ల కట్టడాల మీద ఒక పాఠం రాస్తున్నాను, దూరం నుంచి ఊరికి నీళ్లు తెచ్చే అక్విడక్ట్ దగ్గర ఆగిపోయాను. "జలసేతువు" అని రాసినవాళ్లున్నారు. వినడానికి బావుంది కానీ నాకు మనసొప్పడం లేదు. సేతువు అనగానే వంతెనే గుర్తొస్తుంది, పుస్తకాల్లో బొమ్మలు కూడా ఎప్పుడూ ఆ కమానులవే, దాంతో నీళ్లు మొదట్నుంచీ చివరిదాకా ఆకాశంలోనే పోయేవేమో అనుకుంటారు పిల్లలు. నిజానికి రోమ్‌కి నీళ్లు తెచ్చిన ఆక్వా మార్కియా పొడవు 91 కి.మీ. అయితే అందులో 80 కి.మీ. దాకా నేల కిందే. అన్నిటికంటే పాతది, క్రీ.పూ. 312 నాటి ఆక్వా అప్పియా అయితే దాదాపు మొత్తం భూమిలోపలే పోతుంది. కమాను వేసేది లోయో, పల్లమో అడ్డం వచ్చినచోటే. మరి ఏ మాట వాడదాం?

జవాబు: మా కోనసీమలో ఈ మాట చదువురాని ముసలమ్మలకి కూడా తెలుసండీ! పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా నగరం లంకకి కాలువ దాటించే కట్టడాన్ని అందరం "అక్విడెక్టు" అనే అంటాం. పాతది కాటన్ దొర కాలంలో కట్టింది, తర్వాత పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇన్నేళ్లుగా నోట్లో నానిన మాటని వదిలేసి సంస్కృతం ఎందుకు వెతుక్కోవాలి?

జవాబు: మీరన్నది నిజమేనండీ, అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. ఇరిగేషన్ వాళ్ల లెక్కలో అక్విడక్ట్ అంటే కాలువ నదిని దాటే చోటు మాత్రమే. రోమన్ల విషయంలో ఊట దగ్గర మొదలై ఊళ్లో తొట్టిదాకా వచ్చేదంతా అక్విడక్టే. లాటిన్‌లో ఆ మాటకి నీళ్లు నడపడమనే అర్థం, వంతెన ఊసే లేదు. నా ఓటు "నీటి కాలువ"కి. కమానులున్న చోట "కాలువ వంతెన" అనండి చాలు. ఇంకోటి, "వాటం" అనే మాట, అంటే నీళ్లు పారడానికి ఇచ్చే ఏటవాలు, తప్పకుండా పెట్టండి. అసలు గొప్పతనమంతా కమానుల్లో కంటే వాటంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఫ్రాన్స్‌లోని నీమ్ ఊరికి నీళ్లు తెచ్చిన కాలువ చూడండి, దాదాపు 50 కి.మీ. పొడవు, మొత్తం దిగుడు 12 మీటర్ల పైచిలుకు, అంటే సగటున కిలోమీటరుకి జానెడు కంటే కొంచెం ఎక్కువ! మోటార్లు లేవు, నీరు పల్లమెరుగు అన్న ఒక్క సంగతి మీదే నడిపించారు. వాటం మరీ ఎక్కువైతే నీళ్లు ఉరికి కాలువని కోసేస్తాయి, తక్కువైతే కదలవు. మట్టం చూడటానికి 20 అడుగుల పొడవున్న చెక్క బల్ల వాడేవాళ్లని విట్రూవియస్ అనే రోమన్ కట్టడాల నిపుణుడు రాశాడు. దానికి దారాలతో గుండ్లు వేలాడేవి, గాలి వీచి గుండ్లు ఊగితే బల్ల మీద తవ్విన గాడిలో నీళ్లు పోసి చూసుకునేవాళ్లు. ఇప్పటికీ మన మేస్త్రీలు ట్యూబులో నీళ్లు పోసి లెవెల్ చూస్తారు కదా, పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. అదే కాలువ గార్డన్ నదిని దాటేచోట మూడంతస్తుల కమానులు, 49 మీటర్ల ఎత్తు. లోపల గోడలకి, పాత కాగులో పట్టినట్టు, మందంగా సున్నపు పొర పేరుకుని ఉంటుంది.

జవాబు: "తూము" మర్చిపోకండి. రోమ్‌లో ఇంటికి నీళ్లు కావాలంటే చక్రవర్తి అనుమతి తీసుకోవాలి, ఎంత వస్తాయన్నది కంచు తూము వెడల్పుని బట్టి ఉండేది. క్రీ.శ. 97లో నీటి వ్యవహారాలు చేపట్టిన ఫ్రాంటినస్ వాటికి ముద్రలు కొట్టాలని, ముద్ర లేని తూములతో, దొంగ గొట్టాలతో నీళ్లు మళ్లిస్తున్నారని రాసిపెట్టాడు. మామూలు జనమేమో వీధి కుళాయి దగ్గరే పట్టుకుని మోసుకెళ్లేవాళ్లు. పిల్లలకి నచ్చేది ఈ కథే, రాజుల పేర్లు కావు.

అందరికీ థాంక్సండీ. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను: "రోమన్లు దూరపు ఊటల నుంచి ఊళ్లోకి నీటి కాలువ తవ్వేవారు. దాన్ని అక్విడక్ట్ అంటారు. కాలువ చాలావరకు నేల కింద పోతుంది. లోయ వస్తే కమానుల మీద కాలువ వంతెన కట్టి దాటిస్తారు." ఇంకొక్క మాట కావాలి. నీమ్‌లో కాలువ చివర ఒక గుండ్రటి రాతి తొట్టి ఇప్పటికీ ఉంది, దాని గోడకున్న 10 రంధ్రాల నుంచి సీసపు గొట్టాల్లో నీళ్లు పేటలకి వెళ్లేవి. "పంపిణీ తొట్టి" అనుకున్నాను కానీ ఆఫీసు మాటలా ఉంది.

జవాబు: "పంపకాల తొట్టి" అనండి.