ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాం, పెరట్లో మామిడిచెట్టుని దక్కించుకోవడం ఎలా?

మల్కాజిగిరి_కోడలు:

అందరికీ నమస్తే. మల్కాజిగిరిలో మా అత్తగారిల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం, అగ్రిమెంట్ అయిపోయింది, దసరా తర్వాత ఖాళీ చేసి ఇవ్వాలి. ఇల్లు పోతున్నందుకు ఎవరికీ పెద్ద బాధ లేదు, గోడలు చెమ్మెక్కి ఎప్పుడో పాతబడిపోయాయి. బాధంతా పెరట్లో ఉన్న మామిడిచెట్టు గురించే. మా మామయ్యగారు ఎక్కడో పండు తిని టెంక తెచ్చి పాతితే మొలిచిన చెట్టు అది, ఏ రకమో ఎవరికీ తెలీదు. కాయ చిన్నది, పిడికిట్లో పడుతుంది. పండినా తొక్క పచ్చగానే ఉంటుంది, ముచ్చిక దగ్గర మాత్రం కొద్దిగా పసుపు తిరుగుతుంది, అందుకే కొత్తవాళ్లు ఇంకా పండలేదనుకుని పక్కన పెట్టేస్తారు. పీచు ఉంది, కానీ రసం చెరుకు రసాలకి ఏమాత్రం తీసిపోదు, చివర్లో నాలుకకి కొంచెం పులుపు తగులుతుంది. ఆవకాయకి పనికిరాదు, ముక్క మెత్తబడిపోతుంది. పప్పులోకి మాత్రం దీని తర్వాతే ఏదైనా. ఉగాదికి ఆకులకీ కాయకీ వీధి వీధంతా మా ఇంటికే వస్తారు.

సెల్లార్ తవ్వాలి కాబట్టి చెట్టు ఉండదని బిల్డర్ చెప్పేశాడు. అత్తయ్య పైకి ఏమీ అనట్లేదు గానీ, ఈసారి తిన్న పండ్ల టెంకలన్నీ కడిగి, ఎండబెట్టి డబ్బాలో దాస్తున్నారు, కొత్త ఫ్లాట్‌కి వచ్చాక పాతుకుందామని. ఆ టెంక పాతితే అదే పండు వస్తుందా? లేకపోతే చెట్టునే వేర్లతో సహా తీసి ఘట్‌కేసర్‌లో మా ఆడపడుచు వాళ్ల ప్లాటులో పెట్టడం అయ్యే పనేనా? తెలిసినవాళ్లు చెప్పండి, టైమ్ ఎక్కువ లేదు.

మిద్దెతోట_నాచారం:

ముందు అత్తయ్యగారికి చెప్పాల్సింది చెప్పేస్తాను. డబ్బాలో ఎండబెట్టిన టెంకలు మొలవవండి. మామిడి టెంక వడ్ల గింజలాంటిది కాదు, లోపల జీడి ఎండిపోతే కొన్ని వారాల్లోనే చచ్చిపోతుంది. పండు తిన్న వెంటనే మట్టిలో పెట్టాల్సిందే.

మొలిచినా అదే పండు రాదు. మన దగ్గరి రకాల్లో టెంకలో ఒకటే మొలక ఉంటుంది, అది తల్లిచెట్టుకీ పుప్పొడి ఎక్కడినుంచి వచ్చిందో ఆ చెట్టుకీ కలిసి పుట్టిన బిడ్డ. తల్లిలాగా ఉండొచ్చు, అస్సలు పోలిక లేకుండానూ ఉండొచ్చు. కేరళ, కొంకణ్ తీరంలో కొన్ని రకాలకి ఒకే టెంకలో నాలుగైదు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు అచ్చం తల్లే. మీది ఆ రకమయ్యే అవకాశం తక్కువ. బంగినపల్లికి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, దానివి ఎన్ని చెట్లున్నా అంటు మీద అంటు కట్టుకుంటూ వచ్చినవే, ఒక తోట పోయినా రకం పోదు. మీ మామయ్యగారి చెట్టు టెంక మొక్క కాబట్టి దానికి ఇంకెక్కడా జోడీ లేదు. కొట్టేస్తే ఆ రుచి అంతటితో పోయినట్టే. అందుకే ఈ వానాకాలంలోనే అంటు కట్టించండి, దసరా దాకా ఆగొద్దు.

పని కష్టమేమీ కాదు. నర్సరీలో అంటు కట్టని నాటు మామిడి మొక్కలు, పెన్సిల్ లావు కాండం ఉన్నవి తెచ్చుకోండి. చెట్టు మీద ఈ ఏడు కాయ మొయ్యని కొమ్మలు చూసి, ఎండ బాగా తగిలే వైపు, అదే లావున్న చివర్లు ఎంచుకోండి. కోయడానికి వారం పది రోజుల ముందు ఆకులు కత్తిరించి కాడలు మాత్రం వదిలేయాలి. కాడలు వాటంతటవే రాలి, కొస మొగ్గ ఉబ్బుతుంది, ఇంకా విచ్చుకోదు, అప్పుడు జానెడు పుల్ల కోయాలి. కింద రెండు వైపులా చెక్కి, నాటు మొక్క తల తీసేసి నిలువుగా చీల్చిన చోట దించాలి. పుల్ల తొక్క లోపలి పచ్చ పొర మొక్క పచ్చ పొరకి కనీసం ఒక పక్కనైనా ఆనాలి, అతుక్కునేది అక్కడే. ప్లాస్టిక్ టేపుతో గట్టిగా చుట్టి, పైన సన్నటి పాలిథీన్ గొట్టం తొడిగి నీడలో ఉంచితే రెండు మూడు వారాల్లో చిగురు కనిపిస్తుంది. అన్నీ అతుక్కోవు కాబట్టి ఎక్కువ మొక్కల మీద కట్టండి. చెయ్యి తిరిగిన నర్సరీ మనిషిని ఇంటికే పిలిపించుకుంటే ఇంకా మంచిది.

ఇంకో సంగతి, పుల్ల కాపుకొచ్చిన ముదురు చెట్టుది కాబట్టి టెంక మొక్కలాగా ఏళ్లకేళ్లు ఆగక్కర్లేదు, మూడు నాలుగేళ్లలో కాయ చూస్తారు. మొదటి రెండేళ్లు పూత తుంచేయండి, మొక్క బలం పుంజుకుంటుంది.

సైట్‌ఇంజనీర్_ఉప్పల్:

చెట్టు తరలించడం గురించి నేను చెప్తాను అన్నా, లేదా అక్కా, పేరు బట్టి అక్కే అనుకుంటున్నా. అయ్యే పనే, కానీ మీ పరిస్థితిలో కష్టం. పెద్ద చెట్టుకి కొన్ని నెలల ముందే చుట్టూ కందకం తవ్వి విడతలవారీగా వేర్లు కోయాలి, కోసినచోట కొత్త పీచువేర్లు రావాలి, కొమ్మలు చాలావరకు కొట్టేయాలి, తర్వాత మట్టి గడ్డతో సహా లేపాలి. దానికి క్రేన్ కావాలి. మల్కాజిగిరి పాత గల్లీల్లో క్రేన్ తిరగడమే గగనం, పైన కరెంటు తీగలు. ఇంత చేసినా మామిడి బతుకుతుందని ఎవరూ రాసివ్వరు. ఆ డబ్బు అంటులకి పెడితే ఇరవై ఇళ్లలో పెరుగుతుంది ఈ చెట్టు.

సెల్లార్ గోడ చెట్టు కొమ్మల నీడ లోపలికి వస్తే ఉంచినా లాభం లేదు, సగం వేర్లు తెగి గాలివానకి పడిపోతుంది. ప్లాన్‌లో సెట్‌బ్యాక్ వైపు, అంటే బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ జాగాలో ఉంటే మాత్రం బిల్డర్‌ని ఒకసారి గట్టిగా అడగండి, డ్రాయింగ్ ఫైనల్ కాకముందైతే ర్యాంప్ అటు ఇటు జరపడం పెద్ద పనేమీ కాదు. కొట్టాల్సే వస్తే 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ఉంది, అనుమతి సంగతి అటవీశాఖ వాళ్ల దగ్గర ముందే కనుక్కోండి. బిల్డర్ చూసుకుంటాడులే అని వదిలేయొద్దు.

అనాబ్‌షాహి:

ఈ ప్రశ్న చూసి మనసు చివుక్కుమంది. మన సిటీ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఎంతలా ఉండేవో పాతవాళ్లని అడగండి, పొడుగ్గా, లేత బంగారు రంగులో ఉండే గింజ ద్రాక్ష. ఆ తోటలన్నీ వెంచర్లయిపోయాయి. అది పేరున్న రకం కాబట్టి ఎక్కడో ఒకచోట బతికుంది, పేరు లేని పెరటి చెట్లకి ఆ దిక్కు కూడా లేదు. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన స్థానం ఉంది, వందల మామిడి రకాలు పెంచుతున్నారు, మంజీరా రకం వచ్చింది అక్కడినుంచే, రుమానికీ నీలానికీ సంకరం చేసి. వచ్చే సీజన్ దాకా ఆగకుండా ఇప్పుడే ఒకసారి వెళ్లి ఆకులు, కాయల ఫోటోలు చూపించండి. రకం పోల్చగలరేమో, అంటు కట్టే మనిషి కూడా దొరకొచ్చు.

మల్కాజిగిరి_కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. టెంకల సంగతి అత్తయ్యకి చెప్పాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏ కొమ్మ కోయాలో తనే చూపిస్తానన్నారు. ఆదివారం నర్సరీ అతను వస్తున్నాడు. పక్కింటివాళ్లు, ఎదురింటి ఆంటీ కూడా తలా ఒక మొక్క అడిగారు. ఒకటే డౌట్, కొత్త ఫ్లాట్ వచ్చేదాకా మేం అద్దె ఇంట్లో ఉండాలి, అప్పటిదాకా మొక్క కుండీలో బతుకుతుందా?

మిద్దెతోట_నాచారం:

హాయిగా బతుకుతుంది. మొదట పెద్ద గ్రోబ్యాగ్, ఏడాది తర్వాత రెండొందల లీటర్ల డ్రమ్ము సగానికి కోసినది, అడుగున చిల్లులు తప్పనిసరి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. అతుకు ఉన్నచోటు మట్టిలో మునగకూడదు, అతుకు కింద వచ్చే చిగుర్లు ఎప్పటికప్పుడు గిల్లేయాలి, అవి నాటు మొక్కవి, వదిలేస్తే మీ పుల్లని అణిచేస్తాయి. ఘట్‌కేసర్ ప్లాటులో కూడా రెండు నేలలో పెట్టించండి, కుండీలో దానికి ఏమైనా అయినా అక్కడ ఉంటుంది. ఇంకా మిగిలితే నాకొకటి ఉంచండి, నాచారం నుంచి వచ్చి తీసుకెళ్తాను.