పెరట్లో మంట గుంట, భోగి మంట: తిరుపతిలో ఏది కుదురుతుంది, ఏది కుదరదు?

ప్రశ్న:
కపిలతీర్థం వైపు సొంతిల్లు. వెనక 20×25 అడుగుల ఖాళీ, ఒక మూల కొబ్బరిచెట్టు. చలికాలం రాత్రుల్లో కూర్చోడానికి, భోగికి కూడా పనికొచ్చేలా ఇటుకలతో 3 అడుగుల గుంట కట్టిద్దామనుకుంటున్నాం. మిగిలిన కడప బండలు అడుగున పరచవచ్చా? రాలిన ఆకులు అందులోనే కాలిస్తే ఫైన్ వేస్తారా?

జవాబు 1:
ఫైన్ పడేది ఆకులకే అన్నా. చెత్తను ఆరుబయట తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్ 22న పూర్తిగా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు. మా కాంపౌండ్‌లోనే కదా అని ధీమాగా ఉండొద్దు. ఎండు కట్టెల చిన్న మంట వేరే సంగతి. అయినా నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే భారతీయ న్యాయ సంహిత 287 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. మీ వార్డు శానిటేషన్ సెక్రటరీకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం, మీరుండేది శేషాచలం అంచున. 2014 మార్చిలో ఆ అడవి అంటుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా గుంట ముట్టించనే వద్దు.

జవాబు 2:
కడప బండ వద్దే వద్దు. అది పొరల రాయి. పొరల మధ్య చెమ్మ వేడికి ఆవిరై పెట్లుతుంది, పెచ్చులు ముఖాన పడతాయి. ఏటి గుండ్రాళ్లూ అంతే. అడుగున 3 అంగుళాల కంకర, దానిమీద ఇసుక చాలు. వాన నీళ్లు కూడా ఇంకిపోతాయి.

20 అడుగుల వెడల్పులో 3 అడుగుల గుంట నడిమధ్య పెట్టినా రెండు పక్కలా ఎనిమిదిన్నరే మిగులుతుంది. పక్కగోడలకు అంతకన్నా దూరం కుదరదు, ఇంటి గోడకు, చెట్టుకు మాత్రం కనీసం 10 అడుగులుండాలి. కాబట్టి 25 అడుగుల పొడవులో ఆ రెంటికీ దూరంగా జరపండి, లోపలి వెడల్పు 2 అడుగులకు తగ్గించండి. పక్కగోడ అవతల పాక, గడ్డివాము ఉంటే మాత్రం ఆలోచన మానుకోండి. పైన కరెంటు సర్వీసు వైరు లేకుండా చూసుకోండి. బాగా కాలిన ఎర్ర ఇటుక, బంకమట్టితో కట్టుబడి. సిమెంటు వేడికి పగులుతుంది. కింది వరసలో నాలుగుచోట్ల అర ఇటుక సందు వదలండి. గాలి ఆడకపోతే మంట రాదు, పొగే.

జవాబు 3:
పొగ గొడవంతా తడి కట్టెతోనే. ఈశాన్య వానలకు తడిసిన కట్టె భోగినాటికి పైకి ఎండినట్టుంటుంది, లోపల పచ్చే. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి: ఖంగుమంటే ఎండింది, దబ్బుమంటే పచ్చిది. సరుగుడు, చింత, తుమ్మ బాగుంటాయి, మణికట్టు లావున చీల్చుకోండి. భోగికి పిడకలు. ప్లైవుడ్, రంగేసిన తలుపు చెక్క, టైర్లు వేయకండి. చలి తెల్లవారుజామున పొగ పైకి లేవదు, పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. గన్నేరు కొమ్మలు అసలే వద్దు, దాని పొగా విషమే. కొబ్బరి మట్టలు భగ్గుమని నిప్పురవ్వలు ఎగరేస్తాయి.

ప్రశ్న వేసినవారు:
గ్యాస్ సిలిండర్ వెనక వరండాలోనే ఉంది. ఆకుల సంగతేం చేయాలి?

జవాబు 3:
సిలిండర్‌ను ముందు వైపుకి మార్చాకే గుంట కట్టండి. ఆకులకు నీడపట్టున 3 అడుగుల గుంత తీసి, జానెడు ఆకులకు ఒక పొర పేడనీళ్లు చల్లుతూ నింపి, చెమ్మ ఆరకుండా చూస్తే ఎరువవుతుంది.

మంట ఆర్పేటప్పుడు రెండు బకెట్ల నీళ్లు పోసి, పారతో కలిపి, మళ్లీ పోయండి. పైన తెల్లబూడిద, కింద కణకణలాడే నిప్పు ఉంటుంది. మరుసటి రోజు దాకా ఆ బూడిదను చెత్తబండిలో వేయకండి, బండే అంటుకుంటుంది. చేయి దాటిపోతే 101.