కర్నూలు నగరవాసులకు సందేహం: వాట్సాప్‌లో తిరిగే స్థానిక వార్తలను ఎక్కడ సరిచూసుకోవాలి?

ప్రశ్న (కల్లూరు నుంచి ఒక సభ్యురాలు):

గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఇటీవలే హైదరాబాదు నుంచి కర్నూలుకు వచ్చి, కల్లూరులో మా అత్తగారింట్లో స్థిరపడ్డాము. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒక సమాచారం వస్తూనే ఉంటుంది. రేపు కుళాయి నీళ్లు రావని ఒకరు, ఇంటి పన్ను మీద వడ్డీ మాఫీ చేశారని ఇంకొకరు, ఈ లింకులో కరెంటు బిల్లు కట్టకపోతే రాత్రికి సరఫరా ఆపేస్తారని మరొకరు పెడుతుంటారు. వీటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి ఏ వెబ్‌సైట్లు చూడాలి? దీనికి తోడు మా మామగారు ఊరి బయట ఒక ప్లాటు తీసుకోవాలనుకుంటున్నారు. దాని వివరాలను ఇంట్లో కూర్చుని ఎంతవరకు సరిచూసుకోవచ్చో కూడా దయచేసి తెలియజేయగలరు.

సమాధానం (కృష్ణానగర్ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి):

అమ్మా, వార్త ఎవరు పంపారన్నది పక్కన పెట్టి, ఆ విషయానికి సంబంధించిన రికార్డు ఏ కార్యాలయం చేతిలో ఉంటుందో ముందు చూసుకోండి. పన్ను లెక్క పురపాలక శాఖ దగ్గర, కరెంటు బిల్లు విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర, భూమి లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఉంటాయి. ఆ శాఖ సొంత వెబ్‌సైటులో కనిపించని మాటను, ఎంత పెద్దవారు పంపినా, పుకారు కిందే లెక్క వేసుకోవచ్చు.

ఇంటి పన్నును పురపాలక శాఖ రాష్ట్ర డైరెక్టరేటు వారి సీడీఎంఏ వెబ్‌సైటులో చూసుకోవాలి. చిరునామా చివర ‘ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని ఉందో లేదో చూశాకే ముందుకు వెళ్లండి, ఎందుకంటే గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి చాలావరకు ప్రైవేటు సైట్లు. అక్కడ కర్నూలు నగరపాలక సంస్థను ఎంచుకుని, పాత రసీదు మీద ఉండే అసెస్‌మెంట్ నంబరు కొడితే బకాయి అర్ధ సంవత్సరాల వారీగా కనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకొకటి. ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంటుంది, గడువు దాటితే నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది.

ఇక వడ్డీ మాఫీ మాటకు వస్తే, అది నగరపాలక సంస్థ తనంతట తాను ప్రకటించేది కాదు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు వచ్చి అమలైతే వెబ్‌సైటులో మీ బకాయి వరుసలోనే వడ్డీ అంకె తగ్గి కనిపిస్తుంది. గ్రూపులో వచ్చిన పేపరు కటింగు కొత్తదా పాతదా అని వాదించుకునే బదులు ఆ అంకెను చూస్తే సరిపోతుంది. గతంలో ఇలాంటి రాయితీలు నిజంగానే వచ్చాయి, అందుకే పాత కటింగులు మార్చి నెల రాగానే మళ్లీ బయటికి వస్తుంటాయి. కటింగు పైభాగంలో తేదీ, ఎడిషను పేరు కత్తిరించేసి ఉంటే దాన్ని అసలు పట్టించుకోనవసరం లేదు.

సమాధానం (సీ క్యాంపు నుంచి ఒక సభ్యుడు):

కరెంటు సంగతి నేను చెబుతాను. మన జిల్లాకు విద్యుత్ పంపిణీ చేసేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్. బిల్లు మీద ఉండే 13 అంకెల సర్వీసు నంబరుతో ఆ సంస్థ వెబ్‌సైటులో బకాయి, కట్టిన రసీదులు అన్నీ కనిపిస్తాయి. సరఫరా ఆగితే 1912 కు ఫోను చేయాలి. ‘ఈ రాత్రి 9 గంటలకు మీ కనెక్షను తీసేస్తాం, ఈ అధికారికి ఫోను చేయండి’ అంటూ మామూలు మొబైల్ నంబరు నుంచి వచ్చే సందేశం మాత్రం మోసమే. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బకాయి ఉన్నవారికైనా కనీసం 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాకే సరఫరా ఆపాలి. రాత్రికి రాత్రి ఆపేస్తామన్న బెదిరింపు చట్టంలో లేదు.

ఇంకొక విషయం ఇంట్లో పెద్దవారికి తప్పకుండా చెప్పండి. బిల్లు అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో పేరు పెట్టి వచ్చే ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అన్న అక్షరాలు ఉంటే దాన్ని తాకకూడదు. అది కాగితం కాదు, ఫోనులోకి ఎక్కించుకునే యాప్. ఒకసారి ఎక్కిందంటే బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు అవతలివారికి చేరిపోతాయి. ఒకవేళ డబ్బు పోతే బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

కుళాయి నీళ్ల విషయంలో ఉన్నమాట చెప్పాలంటే వెబ్‌సైట్ల కన్నా మీ వీధికి నీళ్లు వదిలే మనిషి ఫోను నంబరు దగ్గర పెట్టుకోవడమే మేలు. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శి అని ఒకరుంటారు, నీళ్లు, డ్రైనేజీ, వీధి దీపాలు వారి పరిధిలోకి వస్తాయి. పైపులైను మరమ్మతు వల్ల సరఫరా ఆగుతుందన్న ప్రకటన దినపత్రికల జిల్లా పేజీల్లో ముందురోజే వస్తుంది కానీ, అది చిన్న పెట్టెలో ఉంటుంది కాబట్టి వెతికి చదవాలి.

అదనపు సమాధానం (కల్లూరు నుంచే మరొక సభ్యుడు):

సోదరికి ఒక స్థానిక సంగతి. కల్లూరు పట్టణ ప్రాంతం కర్నూలు నగరపాలక సంస్థలో ఉన్నా, శాసనసభకు మనం పాణ్యం నియోజకవర్గం ఓటర్లము, లోక్‌సభకు నంద్యాల ఓటర్లము. 2022 ఏప్రిల్ 4 న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి, అదే నియోజకవర్గంలోని పాణ్యం, గడివేముల మండలాలు నంద్యాలకు వెళ్లాయి. అందువల్ల మన వీధి రోడ్డు గురించిన వార్త కర్నూలు నగర వార్తల్లో కనిపించకపోతే పాణ్యం నియోజకవర్గం వార్తల్లో కూడా వెతకాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో జిల్లా అడిగితే కర్నూలు అనే ఎంచుకోవాలి. ఎంపీ నిధులతో చేపట్టే పనుల కోసం అయితే నంద్యాల ఎంపీ కార్యాలయాన్నే అడగాలి. కొత్తగా వచ్చినవారికి ఇది తికమకగానే ఉంటుంది, ఇక్కడే పుట్టిన మాకూ అప్పుడప్పుడు ఉంటుంది.

సమాధానం (వన్‌టౌన్ నుంచి ఒక సభ్యుడు):

ప్రశ్నలో అడగలేదు గానీ, వర్షాకాలంలో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే పుకారు వరద గురించే కాబట్టి చెబుతున్నాను. 2009 అక్టోబరు 2 న ఊరు మునిగిన నాటి వీడియోలే ఇప్పటికీ ‘తాజా’ పేరుతో వస్తుంటాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆందోళన పడటానికి నిజమైన కారణమే ఉంది. అయినా అలాంటి రాత్రి ఏం జరుగుతోందో తెలియాలంటే వీడియోలు పనికిరావు, అంకెలే చూడాలి.

చూడవలసిన అంకెలు మూడు. మొదటిది తుంగభద్ర డ్యాం నుంచి కిందికి వదులుతున్న నీరు, అంటే ఔట్‌ఫ్లో. డ్యాం పూర్తి మట్టం 1,633 అడుగులు. తుంగభద్ర బోర్డు రోజూ ఇచ్చే వివరాల్లో నీటిమట్టం, నిల్వ, వచ్చే నీరు, వదిలే నీరు వరుసగా ఉంటాయి. చాలామంది మట్టం చూసి భయపడతారు, కానీ డ్యాం నిండుగా ఉండటం వేరు, కిందికి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారన్నది వేరు. మనకు కావలసింది రెండోది. ఆ నీరు సుంకేసుల బ్యారేజీ దాటాకే మన దగ్గరికి వస్తుంది కనుక సుంకేసుల దగ్గర వదిలే నీటిని కూడా పోల్చి చూసుకోవాలి. రెండో అంకె హంద్రీ పరివాహక ప్రాంతంలో కురిసిన వర్షం. హంద్రీ నది మన ఊళ్లోనే తుంగభద్రలో కలుస్తుంది, పైన ఎండ కాస్తున్నా అటు వాన పడితే హంద్రీ పొంగుతుంది, కాబట్టి డ్యాం లెక్కలు చూసి నిశ్చింతగా ఉండకూడదు. మూడోది శ్రీశైలం జలాశయం మట్టం. దాని పూర్తి మట్టం 885 అడుగులు కాగా 2009 వరదలో 896 అడుగుల దాకా చేరింది. కింద జలాశయం అంత నిండి ఉన్నప్పుడు పైనుంచి వచ్చే నీరు త్వరగా దిగిపోదు.

ఈ జలాశయాల వివరాలు రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ వెబ్‌సైటులో ఒకేచోట దొరుకుతాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్‌లో మన ప్రాంతాన్ని ఎంచుకుంటే అధికారిక హెచ్చరికలు నేరుగా ఫోనుకు వస్తాయి. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం యాప్‌లు వెతుక్కోకుండా 112 కు ఫోను చేయండి.

సమాధానం (కృష్ణానగర్ విశ్రాంత ఉద్యోగి):

ప్లాటు విషయం మిగిలిపోయింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక, చూసుకోవచ్చు, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనే అడగాలి. అదే వెబ్‌సైటులో 22ఏ నిషేధిత ఆస్తుల జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, ఉంటుంది. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే ఆ బేరాన్ని అంతటితో వదిలేయమని మీ మామగారికి చెప్పండి. ఒకప్పుడు వ్యవసాయ భూమి అయి ఉంటే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు ‘మీభూమి’లో అడంగల్, 1బీ అనే రికార్డులు తీసి, అమ్మేవారి పేరూ విస్తీర్ణమూ సరిపోతున్నాయో చూడాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఔటు అయితే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రకటనలో ఇచ్చిన రెరా నంబరును ఏపీ రెరా వెబ్‌సైటులో కొట్టి, అందులో వచ్చే సర్వే నంబరూ బ్రోచరులో ఉన్నదీ ఒకటేనా అన్నది అంకె అంకె పోల్చండి. లేఔటుకు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందో లేదో విడిగా అడగాలి.

ఒక్క జాగ్రత్త. ఈసీలో ఏ లావాదేవీ చూపకపోతే ఆస్తి చిక్కుల్లేనిదని చాలామంది అనుకుంటారు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, అన్నదమ్ముల వాటాల తగాదాలు, కోర్టులో నడుస్తున్న దావాలు ఈసీలో కనపడకపోవచ్చు. అమ్మేవారి పేరుతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వెతకడం కొంత ఉపయోగపడుతుంది. అయినా అడ్వాన్సు ఇవ్వకముందే దస్తావేజులన్నీ ఒక లాయరుకు చూపించడం తప్పనిసరి. ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఇంతవరకే.

ప్రశ్నించిన సభ్యురాలు:

అందరికీ ధన్యవాదాలు. మామగారికి 22ఏ సంగతి ఇప్పుడే చెప్పాను, బ్రోకరును సర్వే నంబరు అడిగితే సాయంత్రం ఇస్తానన్నారట. చివరగా ఒక్క సందేహం. డ్రైనేజీ వంటి వాటి మీద ఆన్‌లైనులో ఫిర్యాదు పెట్టాక, పని జరగకుండానే ‘పరిష్కరించబడింది’ అని చూపిస్తే ఏం చేయాలి?

సమాధానం (సీ క్యాంపు సభ్యుడు):

ముందుగా, సర్వే నంబరు చెప్పడానికి సాయంత్రం దాకా ఎందుకో ఆ బ్రోకరునే అడగండి.

ఫిర్యాదు విషయానికి వస్తే, పెట్టేటప్పుడే ఫోటో తీసి, ఇంటి నంబరు కాకుండా అందరికీ తెలిసే గుర్తు ఒకటి రాయాలి. ఏ గుడి పక్కన, ఏ స్కూలు ఎదురుగా అన్నది ఉంటే ‘స్థలం దొరకలేదు’ అని మూసేయడానికి వీలుండదు. నగర సమస్యలకు పురమిత్ర యాప్ ఉంది. 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ, 95523 00009, ద్వారా కూడా ప్రభుత్వ సేవలు పొందవచ్చు, ఫిర్యాదులు ఇవ్వవచ్చు. ఏది వాడినా ఫిర్యాదు నంబరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పని జరగకుండా మూసేస్తే ప్రభుత్వ ఫిర్యాదుల కాల్ సెంటరు 1100 కు ఫోను చేసి అదే నంబరు చెప్పి మళ్లీ తెరవమని అడగండి. దానికీ స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేటులోని సునయన ఆడిటోరియంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పాత ఫిర్యాదు నంబరు, మూసివేసిన తేదీ, ఈనాటి ఫోటో జతచేసి కాగితం ఇవ్వండి, రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు. అక్కడా తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘పని ఎందుకు చేయలేదు’ అని అడిగితే దాటవేసే అవకాశం ఉంది. ‘ఫలానా నంబరు ఫిర్యాదును మూసివేస్తూ రాసిన నివేదిక నకలు, ఆ రోజు స్థలం చూసిన ఉద్యోగి హోదా, తీసిన ఫోటో ఇవ్వండి’ అని అడగండి.